పోసిన శక్తిలో చక్రం దాకా చేరేదెంత? పెట్రోల్ కారు, కరెంటు కారు, మన సీమ లెక్క

గంటసేపు తిరిగొచ్చిన పెట్రోల్ కారు బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. సైలెన్సర్ దగ్గరికైతే చెయ్యి పోనివ్వనేలేం. ఆ వేడి ఎక్కడిదో కాదు, బంకులో లీటరుకు 110 రూపాయల దాకా పెట్టి కొన్న పెట్రోలే అలా గాలిలో కలిసిపోతోంది. అంతే దూరం తిరిగొచ్చిన ఎలక్ట్రిక్ కారు బానెట్ అనంతపురం ఎండకు కాలితే కాలుతుంది గానీ, లోపలి మోటారు వల్ల అంతగా వేడెక్కదు. రెండు బండ్ల మధ్య ఉన్న అసలు తేడా ఈ వేడిలోనే ఉంది.

కానీ బండి కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్న వేరు. ఇది లీటరుకు ఎంతిస్తుంది, అది ఫుల్ చార్జింగుకు ఎంత పోతుంది అని అడుగుతాం. ఒకదాన్ని శేర్లతో, ఇంకోదాన్ని మూరలతో కొలిచినట్టు ఉంటుంది ఆ పోలిక. రెండింటినీ ఒకే కాటాలో వెయ్యాలి. ఇంటి కరెంటు మీటరులో తిరిగే యూనిట్టే ఆ కాటా.

వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్. లీటరు అచ్చమైన పెట్రోల్లో దాదాపు 8.9 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్లో లీటరుకు శక్తి పెట్రోల్లో ఉన్నదానికి మూడింట రెండొంతులే కాబట్టి, ఈ20 లీటరులో ఉండేది సుమారు 8.3 యూనిట్లు. ఇథనాల్ కలిశాక మైలేజీ కాస్త తగ్గిందని చాలామంది అంటున్నదానికి మూలం ఇదే. ఈ 8.3 యూనిట్లు తక్కువేం కాదు. తోటలో 5 హెచ్‌పీ బోరు మోటారు గంటా ముప్పావు నడవడానికి సరిపోయేంత శక్తి ఒక్క లీటరు సీసాలో ఉందన్నమాట.

ఊళ్ళో, హైవేలో కలిపి లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే ఒక చిన్న ఎస్‌యూవీని తీసుకుందాం. అది కిలోమీటరుకు తినేది 0.59 యూనిట్. అదే సైజు ఎలక్ట్రిక్ బండి గోడ సాకెట్ నుంచి లెక్కేస్తే కిలోమీటరుకు 0.16 యూనిట్ తింటుంది. అంటే దాదాపు నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువ. ఇదొక్క అంకెతో వ్యాసం ముగించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ అంకె తప్పు కాదు, కానీ అది ఏ రోడ్డు మీద, ఏ వేగంలో, ఏ కరెంటుతో అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. ఆ మార్పులు తెలిస్తేనే లెక్క మనదవుతుంది.

పెట్రోల్ ఎక్కడ పోతుంది

వంద రూపాయల పెట్రోల్ పోశారనుకోండి. అందులో 60 రూపాయల దాకా వేడిగా పోతుంది. కొంత సైలెన్సర్ నుంచి, కొంత రేడియేటర్ నుంచి. పిస్టన్ల రాపిడికి, గాలిని లోపలికి పీల్చి బయటికి తోసే శ్రమకు, సరిగ్గా మండని ఇంధనానికి కలిపి ఇంకో 10. నీళ్ళ పంపు, ఆల్టర్నేటర్ లాంటివాటికి ఒక 5, గేరుబాక్సు నుంచి చక్రం దాకా ఇంకో 5. చివరికి రోడ్డు మీద బండిని నెట్టేది 20 రూపాయల పెట్రోలే. డ్రైవింగు, రోడ్డు బట్టి అది 16 నుంచి 25 మధ్య ఊగుతుంది.

ఇంజనీర్లకు చేతకాక కాదు. మంట నుంచి వేడి, వేడి నుంచి కదలిక అనే దారిలో ఎవరు నడిచినా ప్రకృతి సుంకం కట్టక తప్పదు. ఇప్పటి మంచి పెట్రోల్ ఇంజన్ తనకు నచ్చిన స్థితిలో, అంటే రెండు మూడు వేల ఆర్‌పీఎం మధ్య, యాక్సిలరేటర్ బాగా తొక్కి ఉన్నప్పుడు, 35 శాతం పైన కూడా పని రాబడుతుంది. చిక్కేమిటంటే మనం దాన్ని ఆ స్థితిలో వాడేది చాలా తక్కువ.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో చదునైన రోడ్డు మీద పోతున్న 1,500 కిలోల బండికి కావలసిన బలం 8 కిలోవాట్ల చిల్లర. ఇంజన్ సత్తా 80 కిలోవాట్ల పైన. పదిమంది లాగే తేరును ఒక్కడి బలంతో లాగాల్సిన చోట కూడా ఆ పదిమందికీ కూలి ఇవ్వాల్సిందే. తక్కువ బలం కావాలంటే పెట్రోల్ ఇంజన్ గాలి దారిని మూసి పెట్టుకుంటుంది. మూసిన దారిలోంచి గాలిని పీల్చడం అంటే గుడ్డ అడ్డం పెట్టి ఊపిరి తీసుకున్నట్టే, ఆ శ్రమకూ పెట్రోలే కావాలి. ఇక కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లోనో, కడప ఏడు రోడ్ల దగ్గరో ఏసీ వేసుకుని ఆగి ఉంటే, బండి ఒక్క అంగుళం కదలకపోయినా గంటకు లీటరు దరిదాపుల్లో కాలుతుంది.

అందుకే ఊళ్ళో లీటరుకు 10 కూడా కష్టంగా ఇచ్చే బండి, నంద్యాల రోడ్డెక్కి 80లో నిలకడగా పోతే 18 ఇస్తుంది. ఇంజనూ, మోటారూ రెండూ ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్ బండ్లు ఊళ్ళో ఆశ్చర్యపోయేంత మైలేజీ ఇచ్చేది కూడా ఈ రోగానికే మందు వేశారు కాబట్టి. బలం తక్కువ చాలిన చోట ఇంజన్ ఆపేసి చిన్న బ్యాటరీతో నడుపుతాయి, ఇంజన్ తిరిగినప్పుడు దానికి నచ్చిన స్థితిలో తిప్పుతాయి.

ఎలక్ట్రిక్ బండిలో పోయేదెంత

గోడ సాకెట్ నుంచి 100 యూనిట్లు తీసుకున్నాం. వైరులో, బండిలోని చార్జరులో, బ్యాటరీ లోపల కలిపి 10 నుంచి 15 పోతాయి. డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్, మోటారు, ఒకే ఒక గేరు కలిపి మరో 12 నుంచి 15. లైట్లు, పంపులు, కంప్యూటర్లకు కొద్దిగా. చక్రానికి చేరేది 70 చుట్టుపక్కల. బ్రేకు నొక్కినప్పుడు మోటారే జనరేటర్ అయి తిరిగి బ్యాటరీలోకి పంపేది దీనికి అదనం. ఆగుతూ పోతూ ఉండే ఊరి రోడ్లలో ఆ అదనం బాగా కలిసొస్తుంది.

మోటారుకు తక్కువ బలంతో పని చేయడం కష్టం కాదు. 80 కిలోవాట్ల మోటారును 8 కిలోవాట్లకు వాడినా దాని సామర్థ్యం పెద్దగా పడిపోదు. ఆగి ఉంటే మోటారు తినేది సున్నా. అందువల్ల పెట్రోల్ బండి బలహీనంగా ఉన్న చోట ఎలక్ట్రిక్ బండి బలంగా ఉంటుంది.

ఇక ఊరు దాటాక కథ తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు వేగం వర్గం చొప్పున పెరుగుతుంది. టైర్ల రాపిడి పెద్దగా మారదు. మన 1,500 కిలోల ఎస్‌యూవీకి లెక్క కడితే, 80లో చక్రం దగ్గర కిలోమీటరుకు 0.104 యూనిట్, 100లో 0.14, 120లో 0.18 కావాలి. ఈ అవసరం రెండు బండ్లకూ ఒకటే. కాకపోతే పెట్రోల్ ఇంజన్‌కు పని భారం పెరిగేకొద్దీ సామర్థ్యం మెరుగవుతుంది కాబట్టి దెబ్బ కొంత మెత్తగా తగులుతుంది. ఎలక్ట్రిక్ బండికి అలా మెరుగవడానికి మిగిలిందేమీ లేదు. ముందే బాగుంది కాబట్టి గాలి వేసే భారమంతా నేరుగా బ్యాటరీ మీద పడుతుంది.

ఫలితం ఇది. కర్నూలు వీధుల్లో ఏసీ వేసుకుని తిరిగితే పెట్రోల్ బండి కిలోమీటరుకు 0.83 యూనిట్, ఎలక్ట్రిక్ బండి 0.17 లోపు. తేడా అయిదు రెట్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీద వందలో పోతే పెట్రోల్ 0.55, ఎలక్ట్రిక్ 0.20. తేడా మూడు రెట్లకు లోపు. ఊళ్ళో తిరిగేవాడికి, వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయొచ్చేవాడికి ఒకే జవాబు చెప్పకూడదనేది అందుకే.

ఏసీ సంగతి మన జిల్లాల్లో పక్కన పెట్టలేం. 42 డిగ్రీల ఎండలో ఏసీ 1.5 కిలోవాట్లు తీసుకుంటుంది. హైవేలో 80లో పోతుంటే అది కిలోమీటరుకు 0.02 యూనిట్ కూడా కాదు. అదే ట్రాఫిక్కులో గంటకు 20 కిలోమీటర్లు నడుస్తుంటే 0.075, అంటే బండిని నడిపేంత ఏసీయే తింటుంది. ఏసీ లెక్క దూరం మీద కాదు, గంటల మీద ఉంటుంది. చార్జింగులో పెట్టి ఉండగానే బండిని పది నిమిషాలు చల్లబరిచి బయల్దేరితే ఆ మొదటి మోత మోసేది బ్యాటరీ కాకుండా గోడ సాకెట్టే అవుతుంది.

అనంతపురం నుంచి బెంగళూరు

రెండు ఊళ్ళ మధ్య దూరం 210 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. బ్యాటరీ 40 యూనిట్లది, అందులో వాడుకోదగింది 38 అనుకుందాం. బ్యాటరీ నుంచి లెక్కేస్తే, ఏసీతో సహా, 80లో కిలోమీటరుకు 0.137, వందలో 0.175, 120లో 0.22 యూనిట్ అవుతుంది. కాగితం మీద రేంజి, అంటే ఒక ఫుల్ చార్జింగుకు పోగల దూరం, 80లో 277, వందలో 217, 120లో 172 కిలోమీటర్లు.

వందలో పోతే బెంగళూరు చేరుకోవచ్చు కదా అనిపిస్తుంది. చేరుకోలేరు. అనంతపురం సముద్ర మట్టానికి దాదాపు 340 మీటర్ల ఎత్తులో ఉంటే, బెంగళూరు 900 దాటి ఉంది. దారి పొడవునా కంటికి తెలియని ఎక్కుడు అది. మనుషులతో కలిపి 1,600 కిలోలను అంత ఎత్తుకు మోయడానికి చక్రం దగ్గర 2.5 యూనిట్లు, బ్యాటరీలోంచి దాదాపు 3 యూనిట్లు కావాలి. వందలో పోతే మొత్తం 39 దాటుతుంది, ఉన్నది 38. ఎనభైలో పోతే 32 లోపు సరిపోయి, దిగాక ఇంకో 40 కిలోమీటర్లకు మిగులుతుంది. రెండు వేగాల మధ్య ప్రయాణ సమయంలో తేడా అరగంట. మధ్యలో ఫాస్ట్ చార్జర్ దగ్గర ఆగితే పోయేది కూడా అంతే, అక్కడ ఎవరూ వరసలో లేకపోతే. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు దిగుడై కలిసొస్తుంది కాబట్టి వందలో వచ్చినా అనంతపురం చేరొచ్చు. అదే బండి, అదే రోడ్డు, పోయేటప్పుడు ఒక రేంజి, వచ్చేటప్పుడు ఒక రేంజి. బ్యాటరీ పాడైందని సర్వీస్ సెంటరుకు పరిగెత్తే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కంపెనీ కాగితంలో 400 పైచిలుకు రాసి ఉంటుంది. మన దేశంలో వాడే పరీక్ష పద్ధతిలో వేగం 90 దాటదు, సగటు వేగం అందులో సగం కూడా ఉండదు. ఏసీ వేయరు. అంకె అబద్ధం కాదు, మన వాడకం వేరు.

ఘాట్ రోడ్డు గురించి కూడా ఒక మాట. కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు బ్యాటరీ శాతం గబగబా పడిపోవడం చూసి గాభరా పడనక్కర్లేదు. 300 మీటర్ల ఎత్తు ఎక్కితే ఏ బండికైనా చక్రం దగ్గర 1.3 యూనిట్ ఖర్చు. పెట్రోల్ బండి దానికి అర లీటరు దాకా కాలుస్తుంది, దిగేటప్పుడు ఆ శక్తిలో అత్యధిక భాగం బ్రేకుల్లో వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ బండి దిగేటప్పుడు అందులో సగానికి పైగా వెనక్కి తెచ్చుకుంటుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఘాటు పైన ఊళ్ళో నూటికి నూరు చార్జింగు పెట్టి దిగడం మొదలెడితే బ్యాటరీలో చోటు ఉండదు, మోటారు బ్రేకు పనిచేయదు, కాలి బ్రేకే మొత్తం మోయాలి. పైనుంచి దిగే రోజున 90 దగ్గర ఆపేయడం మంచిది. పెట్రోల్ బండిలో దిగుడులో గేరు తీసి న్యూట్రల్లో వదలడం పొదుపు కాదు. గేరులో ఉంటే ఇంజన్‌కు పెట్రోల్ సరఫరా పూర్తిగా ఆగుతుంది. న్యూట్రల్లో ఐడిలింగుకు కాలుతూనే ఉంటుంది, పైగా బ్రేకులు కాలిపోయి పట్టు తప్పే ప్రమాదం.

కరెంటు ఎక్కడిది

ఇక్కడిదాకా చెప్పింది సాకెట్ నుంచి చక్రం దాకా ఉన్న లెక్క. సాకెట్‌కు వెనక ఏముందో చూడకపోతే లెక్క సగమే.

ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు పోయేవాళ్ళకు రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనబడతాయి. 210 మెగావాట్లవి అయిదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు. అదీ మంట నుంచి వేడి, వేడి నుంచి కదలిక దారే. బొగ్గులో 100 పాళ్ళ శక్తి ఉంటే కరెంటుగా మారేది 35 చుట్టూ. ప్లాంటు తన సొంత పంపులకు, ఫ్యాన్లకు వాడుకోగా 32. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు దాటి ఇంటికి వచ్చేసరికి 27. బండిలో 70 శాతం చక్రానికి చేరితే మిగిలింది 19.

పెట్రోల్ వైపు చూస్తే, ముడిచమురు తోడి, ఓడలో తెచ్చి, శుద్ధి చేసి, ట్యాంకరులో బంకుకు చేర్చేసరికి 100లో 83 దాకా మిగులుతుంది. బండి అందులో 20 శాతం వాడుకుంటే చక్రానికి 17. హైవేలో 25 శాతం వాడుకుంటే 21.

అంటే పూర్తిగా బొగ్గు కరెంటుతో నడిపితే రెండు బండ్లూ దాదాపు సమానం. హైవేలో పెట్రోల్ బండే ఒక అడుగు ముందుండొచ్చు కూడా. ఎలక్ట్రిక్ బండి నాలుగు రెట్లు సమర్థం అని చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదు. వేడి సుంకాన్ని ఎలక్ట్రిక్ బండి రద్దు చేయలేదు, దాన్ని బానెట్ కింద నుంచి ముద్దనూరు దగ్గరికి మార్చింది.

అయితే మన గ్రిడ్డు అంతా బొగ్గు కాదు. దేశం మొత్తం మీద చూస్తే కరెంటులో నాలుగింట మూడొంతుల దగ్గర బొగ్గుదే. కానీ ఆ సగటు పగలూ రాత్రీ ఒకేలా ఉండదు, ముఖ్యంగా మన దగ్గర. పాణ్యం దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. కదిరి దగ్గర ఎన్‌పీ కుంటలో ఇంకోటి ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. సూర్యుడి నుంచి వచ్చే కరెంటుకు బొగ్గు వేడి సుంకం లేదు. సోలార్ పలకలు ఎండలో అయిదో వంతే పట్టుకుంటాయన్నది నిజమే, కానీ మిగతా నాలుగు వంతుల ఎండ ఎవరూ తవ్వి తెచ్చింది కాదు.

దీన్నిబట్టి మన జిల్లాల్లో ఎలక్ట్రిక్ బండి ఉన్నవాళ్ళకు గట్టిగా చెప్పదగిన మాట ఒకటి ఉంది: వీలైనంత వరకు పగటిపూట, పది నుంచి మూడు మధ్య చార్జింగు పెట్టండి. ఫోనులాగా రాత్రి పెట్టి పొద్దున తీయడం అందరికీ అలవాటైంది. కానీ సాయంత్రం ఆరు తర్వాత సోలార్ ఉండదు, ఊరంతా లైట్లు, ఏసీలు వేసేది అప్పుడే. ఆ వేళ అదనంగా వాడే ప్రతి యూనిట్‌కూ ఎక్కడో బొగ్గు మండాలి, లేదా శ్రీశైలం నీళ్ళు దిగాలి. పగలేమో సోలార్ ఎక్కువై ఉత్పత్తి తగ్గించుకోవాల్సిన పరిస్థితులు కూడా వస్తాయి. పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది ఈ పగటి మిగులును సాయంత్రానికి మార్చడానికే. పగలు నీళ్ళు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇలాంటి ఏర్పాటులో రానూపోనూ కలిపి 20 నుంచి 25 శాతం పోతుంది. అదే మిగులును పగలే మన బండిలో నింపుకుంటే ఆ నష్టం ఉండదు. ఆఫీసు దగ్గర, కాలేజీ దగ్గర, దుకాణం దగ్గర పగలంతా నిలబడి ఉండే బండికి ఒక 15 ఆంపియర్ల సాకెట్ ఏర్పాటు చేయడం ఫాస్ట్ చార్జర్ కట్టడం కన్నా ఎన్నో రెట్లు చవక.

ఇంటిమీద పలకలుంటే ఇక చెప్పక్కర్లేదు. మన దగ్గర కిలోవాట్ పలకలు రోజుకు 4 యూనిట్లకు తగ్గకుండా ఇస్తాయి, నెలకు 120. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే బండికి 160 యూనిట్లు. కిలోవాటున్నర పలకలు బండిని పోషిస్తాయి. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. పలకల మీద దుమ్ము పేరుకుంటే, ముఖ్యంగా బండల పాలిష్ యూనిట్లున్న బేతంచెర్ల లాంటి చోట్ల, ఉత్పత్తి కళ్ళముందే పడిపోతుంది. పొద్దున్నే పలకలు చల్లగా ఉన్నప్పుడు నీళ్ళతో కడగాలి, మిట్టమధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చల్లనీళ్ళు పోయకూడదు.

గోడ దగ్గర జారిపోయేది

ఇంట్లో చార్జింగు పెట్టేటప్పుడు జరిగే నష్టం మీద శ్రద్ధ పెట్టేవాళ్ళు తక్కువ. బండి స్క్రీను మీద యూనిట్‌కు 7 కిలోమీటర్లు అని కనబడితే అది బ్యాటరీ నుంచి వేసిన లెక్క. మీటరు నుంచి వేస్తే 6 మాత్రమే రావచ్చు. మధ్యలో ఒకటి ఎటు పోయిందో స్క్రీను చెప్పదు.

మీటరు బోర్డు నుంచి షెడ్డు దాకా 30 మీటర్ల వైరు ఉందనుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడితే 15 ఆంపియర్ల దగ్గర 100 వాట్లు వైరులోనే వేడిగా పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 60 చిల్లర. నెలకు పోయేది నాలుగైదు యూనిట్లే, డబ్బు పరంగా పెద్దది కాదు. ప్రమాదం ఆ వేడిది. మిక్సీ రెండు నిమిషాలు తిరుగుతుంది, గీజర్ పావుగంట. కారు ఎనిమిది గంటలు ఆపకుండా 15 ఆంపియర్లు లాగుతుంది. పాత సాకెట్‌లో స్ప్రింగు వదులైతే పిన్ను దగ్గర ప్లాస్టిక్ కరుగుతుంది. చార్జింగు పెట్టిన గంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. పట్టుకోలేనంత వేడి ఉంటే ఆ సాకెట్ మార్చాల్సిందే. బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు మించితే ఆగిపోయే స్విచ్చు), కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, చివర ఇండస్ట్రియల్ సాకెట్, ఇంత ఉంటే నిశ్చింత. మంజూరైన లోడు 2 కిలోవాట్లే ఉన్న ఇల్లయితే ముందు లోడు పెంచుకోవాలి.

నెమ్మదిగా చార్జింగు పెడితే నష్టం తక్కువ అనేది అన్నివేళలా నిజం కాదు. చార్జింగు జరుగుతున్నంతసేపు బండిలోని కంప్యూటర్లు, పంపులు మేలుకునే ఉంటాయి, వాటికి 200 నుంచి 300 వాట్లు కావాలి. 3.3 కిలోవాట్లతో పెడితే అది 7, 8 శాతం. 7.2 కిలోవాట్ల చార్జరుతో పెడితే అందులో సగం. ఊళ్ళల్లో వోల్టేజి 180కి పడితే, అదే 15 ఆంపియర్లకు వచ్చేది 2.7 కిలోవాట్లే. వైరులో నష్టం అంతే ఉంటుంది, గంటలు మాత్రం పెరుగుతాయి. సాయంత్రం లోవోల్టేజి వేళ పెట్టకుండా ఉండటానికి ఇది ఇంకో కారణం.

అన్నిటికన్నా ఎక్కువగా మన సీమలో ఎదురయ్యే చిక్కు ఎర్తింగు. కారు కొత్తది, చార్జరు కొత్తది, ప్లగ్గు పెడితే ఎర్రలైటు వెలిగి చార్జింగు మొదలే కాదు. చార్జరు పాడైందనుకుంటారు. ఎర్త్ సరిగ్గా ఉందని తేలితే తప్ప కరెంటు వదలకూడదని చార్జరులో ముందే పెట్టి ఉంటారు. మన నేల రాతి నేల, ఎండాకాలం వస్తే అడుగుల లోతు దాకా తడి ఉండదు. తడి లేని మట్టిలో కరెంటు పారదు. ఇల్లు కట్టినప్పుడు రెండడుగుల రాడ్డు బండ సందులో దిగ్గొట్టి వదిలేసిన ఎర్త్ వానాకాలంలో పనిచేసి ఏప్రిల్ రాగానే చేతులెత్తేస్తుంది.

సరైన పద్ధతి పాతదే. ఎనిమిది నుంచి పది అడుగుల గుంత, అందులో జీఐ పైపు లేదా రాగి ప్లేటు, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు, పైన నీళ్ళు పోయడానికి చిన్న గొట్టం. వేసవిలో వారానికోసారి రెండు బకెట్ల నీళ్ళు. ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించి చూస్తే 5 ఓమ్‌ల లోపు రావాలి. దీనికి బదులు కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్ లోపల న్యూట్రల్‌ను, ఎర్త్‌ను ఒక ముక్క వైరుతో కలిపేసి ఎర్రలైటును పచ్చగా మారుస్తారు. ఈ పని ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు ఆ వైరు ద్వారా కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. డోరు తీయబోయిన చెయ్యి అతుక్కుపోతుంది.

వేసవిలో బ్యాటరీ

చలిదేశాల్లో ఎలక్ట్రిక్ బండ్లకు చలికాలం రేంజి పడిపోతుందని వింటుంటాం. మనకు ఆ బాధ లేదు, మన బాధ వేడి. వేడిలో బండి ఆ పూట రేంజి పెద్దగా తగ్గదు, కానీ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. రెండూ కలిస్తే ఎక్కువ నష్టం: నిండా చార్జింగు, మండే ఎండ. 100 దాకా నింపి మూడు రోజులు ఎండలో వదిలేయడం బ్యాటరీకి చేసే అపకారాల్లో మొదటిది. రోజువారీ తిరుగుడుకు 80 దాకా చాలు, దూరం పోయే రోజు పొద్దున 100 చేసి వెంటనే బయల్దేరాలి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ అయితే శాతం సరిగ్గా చూపడానికి అప్పుడప్పుడు 100 దాకా పెట్టమని కంపెనీ వాళ్ళే మాన్యువల్లో చెబుతారు, అది పాటించాలి. హైవేలో వందలో వచ్చి వెంటనే ఫాస్ట్ చార్జర్‌కు పెడితే బ్యాటరీ వేడి చూసి బండే వేగం తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, కాపాడుకోవడం.

పగలు చార్జింగు పెట్టమని, ఎండ మంచిది కాదని రెండూ చెప్పడం విరుద్ధంగా అనిపించొచ్చు. నీడలో 3.3 కిలోవాట్లతో నెమ్మదిగా నింపితే బ్యాటరీ పెద్దగా వేడెక్కదు. రేకుల షెడ్డు కన్నా చెట్టునీడ, దానికన్నా గాలి ఆడే స్లాబు కింద నీడ మేలు.

టైర్లలో గాలి రెండు బండ్లకూ ఒకే పాఠం. కంపెనీ చెప్పిన దానికన్నా అయిదారు పీఎస్‌ఐ తగ్గితే రాపిడి పెరుగుతుంది. ఎలక్ట్రిక్ బండి బరువెక్కువ కాబట్టి దానికి ఇంకా ముఖ్యం. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

డబ్బు లెక్క

రాష్ట్రంలో ఇళ్ళ కరెంటు స్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 200 యూనిట్లు వాడే ఇంట్లోకి కారు వచ్చి ఇంకో 160 చేరితే, అందులో 25 యూనిట్లు 6 చొప్పున, 135 యూనిట్లు 8.75 చొప్పున, మొత్తం 1,331 రూపాయలు. సర్దుబాటు చార్జీలు వేరు. వెయ్యి కిలోమీటర్లకు అది, అంటే కిలోమీటరుకు 1.33. పెట్రోల్ బండికి అదే వెయ్యి కిలోమీటర్లకు 71 లీటర్లు దాటి, 110 చొప్పున 7,857 రూపాయలు. హైవేలో ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్‌కు 20 రూపాయలు పెట్టి వందలో పోతే కిలోమీటరుకు 3.70 అవుతుంది, అప్పుడు మిగిలేది సగమే.

నెలకు వెయ్యి కిలోమీటర్లు, ఇంట్లోనే చార్జింగు అనుకుంటే నెలకు 6,500 మిగులుతుంది. రెండు బండ్ల ధరలో తేడా 3 లక్షలనుకుంటే నాలుగేళ్ళ లోపు తీరుతుంది. రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు రెండేళ్ళలోపే. నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఇంటికి పదమూడేళ్ళు పడుతుంది. అలాంటి ఇంటికి ఖర్చు కోసమే అయితే పెట్రోల్ బండి వదలమని చెప్పడం న్యాయం కాదు. ఉన్న బండిని టైర్ల గాలి, సర్వీసు చూసుకుంటూ, 80 దాటకుండా నడిపితే అంతకన్నా ముందు పొదుపు అవుతుంది.

తమ బండి నిజంగా ఎంత తింటోందో తెలుసుకోవాలనుకునేవాళ్ళు పెట్రోల్‌కైతే ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటో కట్ అయ్యేదాకా నింపి, కనీసం 300 కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ అక్కడే అలాగే నింపి భాగించాలి. కరెంటుకైతే చార్జింగు లైనుకు విడిగా ఒక చిన్న సబ్ మీటరు పెట్టించుకోవాలి. బోర్డులోనే ఎంసీబీ పక్కన కూర్చునే రకం దొరుకుతుంది. ఒకే శాతం నుంచి అదే శాతం దాకా మూడు నాలుగుసార్లు నింపి, ఆ మీటరు యూనిట్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే వచ్చేదే అసలు అంకె. ఏప్రిల్లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి తీసి రాసిపెట్టుకుంటే ఏసీ ఎంత తింటోందో, మూడేళ్ళ తర్వాత బ్యాటరీ ఎంత తగ్గిందో ఆ రెండు వరసలే చెబుతాయి.